స్టాండు పైకే ఉంది

పోనీ, సెన్సారే అబద్ధమాడుతోందనుకుందాం. అబద్ధమాడటానికి దానికైనా ఓ కారణం ఉండొద్దూ? మనుషులకైతే పరువుంటుంది, పంతముంటుంది, పెళ్ళాం ముందు ఒప్పుకోలేని సంగతులు నాలుగుంటాయి. బొటనవేలంత నల్లటి ప్లాస్టిక్ ముక్కకి ఏముంటాయి? రెండు వైర్లుంటాయి. రెండు వైర్లు పెట్టుకుని ఎంతకని మొండికేస్తుంది?

ఇలా ఆలోచిస్తూ అతను అపార్ట్‌మెంటు కింది పార్కింగులో, పాత దుప్పటి మీద, సెంటర్ స్టాండు మీద నిలబెట్టిన మోటారు సైకిలుకి ఎడమపక్కన ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. చూసేవాళ్ళకి బండి చెవిలో ఏదో రహస్యం చెబుతున్నట్టుంది. బండి మాత్రం వినే రకంలా లేదు. న్యూట్రల్‌లో ఉన్నంతసేపూ ఇంజను బుద్ధిగా ఆడుతుంది. క్లచ్ పట్టి గేరు వేయగానే టప్పున ఆగిపోతుంది. ఎదురుగా మీటరు మీద ఎర్రటి బొమ్మ వెలుగుతుంది: స్టాండు దించి ఉంది, ముందు అది చూసుకో అని. సైడ్ స్టాండు మడవడం మర్చిపోయి బయల్దేరే మతిమరుపు జనం మలుపులో పడి కాళ్ళు విరగ్గొట్టుకోకుండా కంపెనీవాళ్ళు పెట్టిన కాపలా అది. స్టాండు దిగి ఉంటే ఇంజను ఆపేయాలి, మడిచి ఉంటే నోరు మూసుకోవాలి. ఆ మాత్రం దానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. స్టాండేమో మడిచే ఉంది. కాలితో తన్ని మరీ మడిచాడు. అయినా దిగే ఉందంటుంది.

"పైకే ఉంది," అన్నాడు అతను, పళ్ళు బిగించి. "నా కళ్ళతో నేను చూస్తున్నాను. పైకే ఉంది."

మీటరు మీద ఎర్రబొమ్మ కళ్ళార్పకుండా అతన్నే చూసింది.

మధ్యాహ్నం భోజనం వేళకి అతను ఊరికి ఆ చివరన ఉన్న వదినగారింట్లో ఉండాలి. వదిన అంటే భార్యకి అక్క. భార్య పోయిన వారం నుంచీ అక్కడే ఉంది. పోట్లాడి వెళ్ళలేదు. పోట్లాడి ఉంటే బాగుండేది, అందులో ఎవరో ఒకరు గెలిచేవారు. బట్టలు సర్దుకుంటూ, పాలవాడికి రేపట్నుంచి తక్కువ వేయమని చెప్పండి అన్నంత మామూలుగా, "కొన్నాళ్ళు మా అక్క దగ్గరుంటాను," అంది. మొన్న ఫోను చేసి, అంతే మామూలుగా ఇంకో మాట చెప్పింది. వాళ్ళ ఆఫీసు ఆమెని వేరే ఊరి బ్రాంచికి వెళతావా అని అడుగుతోందట. సోమవారం పొద్దున్నే ఏదో ఒకటి చెప్పాలట.

"ఆదివారం భోజనానికి ఇక్కడికి రండి. వస్తే మాట్లాడుకుందాం. రాకపోతే నాకు జవాబు దొరికినట్టే, వెళతానని చెప్పేస్తాను."

"అంటే ఏమిటి నీ ఉద్దేశం?" అని అడిగాడు అతను.

అవతల ఓ నిట్టూర్పు, ఆ తర్వాత ఫోను పెట్టేసిన నిశ్శబ్దం. ఆ నిట్టూర్పుకి అర్థమేమిటో ఆ రాత్రంతా విడివిడిగా విప్పి చూశాడు. అలసటా, వెక్కిరింపా, లేక జలుబా? జలుబయ్యే అవకాశాన్ని కూడా అతను కొట్టిపారేయలేదు. అతని పద్ధతి అలాంటిది.

ఆ పద్ధతి మీదే అతని జీతం. అతను లిఫ్టుల కంపెనీలో భద్రత చూసే ఇంజనీరు. ఎక్కడైనా లిఫ్టు తలుపులు మూసుకోకుండా గింజుకుంటున్నా, అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఆగి లోపలివాళ్ళని ఏడిపిస్తున్నా అతన్నే పంపుతారు. కుర్రాళ్ళు అతన్ని వెనకాల 'అనుమానం సారు' అంటారని అతనికి తెలుసు. అది పొగడ్తా కాదా అన్నది మాత్రం ఇంకా పరిశీలనలోనే ఉంది. అతని సూత్రం ఒకటే: నువ్వు స్వయంగా పరీక్షించేదాకా ఎవరి మాటా నమ్మకు. వాచ్‌మన్ ఏదో చప్పుడొచ్చిందంటే నమ్మకు. ఎక్కినావిడ కుదుపొచ్చిందంటే నమ్మకు. వాళ్ళని పక్కకి తప్పుకోమను, లిఫ్టు ఖాళీ చేయించు, అప్పుడు నువ్వెక్కి నువ్వు చూడు. ఇంకో సూత్రం కూడా ఉంది. భద్రత కోసం పెట్టిన సెన్సారు వైర్లు ముడేసి పని కానిచ్చేవాడు అతని దృష్టిలో మనిషే కాదు. అలా ముడేసిన కుర్రాణ్ణొకణ్ణి ఉద్యోగంలోంచి ఊడబెరికించాడు. ఆ కుర్రాడు ఇప్పుడు వేరే కంపెనీలో అతనికన్నా పెద్ద పదవిలో ఉన్నాడు. అది వేరే సంగతి.

కాబట్టి పొద్దున మెకానిక్‌కి ఫోను చేసినప్పుడు, అవతలివాడు ఆవులిస్తూ, "ఆదివారం కదా సార్, షాపు లేదు. దానికేముంది, సెన్సారు పీకేసి రెండు వైర్లు కలిపేయండి. ఊళ్ళో సగం బళ్ళు అలాగే తిరుగుతున్నాయి," అంటే, అతనికి ఒళ్ళు మండింది.

"ఊళ్ళో సగం ఆస్పత్రి మంచాలు కూడా వాటివల్లే నిండుతున్నాయి," అన్నాడు.

"మీ ఇష్టం సార్. బండి కావాలా, నీతి కావాలా మీరే చూసుకోండి."

అతను నీతినే ఎంచుకుని దుప్పటి పరిచాడు. ఎంచుకున్నాక మనసుకి ఎంత హాయిగా అనిపించిందంటే, ఆ హాయి అతనికే కొంచెం అనుమానాస్పదంగా తోచింది. పనిముట్ల పెట్టె తెరుస్తుంటే చిన్నగా ఈల కూడా వేశాడు. పెళ్ళాం వెళ్ళిపోతానంటున్న ఉదయం, పెళ్ళాం దగ్గరికి మోసుకెళ్ళాల్సిన బండి చెడిపోతే, ఈల వేసే మొగుడు. ఇదేం మనస్తత్వమని ఇంకెవరి గురించైనా అయితే ఆరా తీసేవాడు. తన గురించి కాబట్టి స్క్రూడ్రైవరు తీశాడు.

*

రెండో అంతస్తు పెద్దాయన చెత్తసంచి పట్టుకుని మెట్లు దిగి, అతన్ని చూసి ఆగాడు. రిటైరయ్యాక ఆయనకి మిగిలిన వ్యాపకం మెట్ల దగ్గర ఆగడమే.

"ఏమయ్యా, పైన మంచం విరిగిందా ఏమిటి, ఇక్కడ పడుకున్నావు?"

"బండి చూస్తున్నానండీ బాబాయిగారూ."

"చూస్తున్నావా! నేను టిఫిన్‌కి ముందోసారి దిగాను, తర్వాతోసారి దిగాను. చూస్తూనే ఉన్నావు. అంత అందంగా ఏముందందులో?"

"సెన్సారు తప్పు చూపిస్తోందండీ."

"ఆఁ, చూపిస్తాయి చూపిస్తాయి. మా ఆవిడా అంతే." పెద్దాయన తన జోక్‌కి తనే కాసేపు నవ్వుకుని, గొంతు తగ్గించాడు. "అవునూ, అమ్మాయి కనబడటం లేదు?"

"వాళ్ళక్క ఇంటికి వెళ్ళింది."

"ఎప్పుడొస్తుంది?"

"బండి బాగయ్యాక," అన్నాడు అతను, తీగల మీది మట్టి తుడుస్తూ.

పెద్దాయన తలాడించి, చెత్తసంచి ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన గేటు దాటాక గానీ తనేమన్నాడో అతనికి వినబడలేదు. బండి బాగయ్యాక. ఎవరన్నారీ మాట? అతని నోరే అంది. నోటికీ మనసుకీ మధ్య ఎక్కడో వైరు తెగితే ఇలాంటి మాటలే వస్తాయి. లేక తెగినవి అతుక్కుంటేనో? బండి బాగైతే బయల్దేరాలి. బయల్దేరితే చేరాలి. చేరితే ఆమె ఎదురుగా కూర్చుని ఏదో చెబుతుంది. అది మీటరు పెట్టి చూడటానికి వీల్లేనిది. ఆ మాట విన్న తర్వాత అతను ఇప్పటి అతనుగా ఉండటం కుదరకపోవచ్చు. తప్పు ఎక్కడుందో తేలనంతకాలం అది యంత్రానిది. తేలిందంటే దానికో యజమాని వస్తాడు.

ఈ ఆలోచన బాగా పైకి వచ్చేసిందని గమనించి, అతను దాన్ని కాలితో కిందికి నొక్కి, క్లచ్ స్విచ్ విప్పడం మొదలెట్టాడు. క్లచ్ స్విచ్‌కి ఈ గొడవతో ఏ సంబంధమూ లేదని అతనికి బాగా తెలుసు. అయినా వదిలిపెట్టకూడదు. పద్ధతి అంటే పద్ధతే.

*

స్కూటరు వచ్చి అతని తలకి గజం దూరంలో ఆగింది. పైన బావమరిది ఉన్నాడు. భార్యకి తమ్ముడు. వయసులో చిన్నవాడు, ఒంట్లో పెద్దవాడు. మాటకి అడ్డూ ఆపూ లేదు.

"బావా! బతికే ఉన్నావా, లేక పైన దుప్పటి కప్పాలా?"

"నిన్నెవరు పంపారు?"

"చూశావా, రాగానే విచారణ. పెద్దక్క పంపలేదు, చిన్నక్క అసలే పంపలేదు. ఇటు పనుండి వచ్చా."

"ఇటు నీకేం పని?"

"నీ మొహం చూసే పని. చాలా?" స్కూటరు దిగి, పార్కింగు స్తంభానికి జారగిలబడ్డాడు. "పెద్దక్క పొద్దున్నుంచీ వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేస్తోంది. చిన్నక్క కిటికీ దగ్గర కూర్చుని పుస్తకం చదువుతోంది. పేజీ తిప్పడం నేనైతే చూళ్ళేదు. నువ్విక్కడ బండికి సపర్యలు చేస్తున్నావు. పద."

"ఇదయ్యాక."

"ఇదెప్పుడవుతుంది?"

"తప్పు దొరకగానే."

"దొరకలేదా ఇంకా? నీకా?" వాడి గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది. అది అతన్ని సూదిలా గుచ్చింది. "ఏం చేస్తోంది?"

"గేరు వేస్తే ఆగిపోతోంది. స్టాండు దిగుందనుకుంటోంది."

"ఓస్, అంతేనా! రెండు వైర్లు కలిపేస్తే పోలా?"

"నువ్వు నోరు మూస్తావా?"

"సరే, మూశాను. నా బండెక్కు, పోదాం."

ఇది న్యాయమైన మాట. న్యాయమైన మాటలకి జవాబు వెతకడం చాలా కష్టం. అతను దుప్పటి మీద లేచి కూర్చుని వెతికాడు.

"నీ దగ్గర హెల్మెట్ ఒకటే ఉంది," అన్నాడు చివరికి.

"బావా, నీ హెల్మెట్ నీ తల పక్కనే ఉంది. అదిగో."

"అది ఈ బండిది."

"హెల్మెట్ తలదనుకున్నాను ఇన్నాళ్ళూ!" వాడు నెత్తి కొట్టుకున్నాడు. "ఆటో ఎక్కు. బస్సెక్కు. నడిచెళ్ళు. ఊళ్ళో ఇన్ని చక్రాలున్నాయి, నీకు ఆ రెండే కనబడుతున్నాయా? నిజం చెప్పు, నీకు రావాలనుందా లేదా?"

అతను పెట్టెలో స్క్రూడ్రైవర్లని పొడవు వారీగా సర్దాడు. "పని సగంలో వదిలి రాలేను. అది నా పద్ధతి కాదు."

"అక్క కూడా అదే అంది," అన్నాడు బావమరిది నెమ్మదిగా. "'మీ బావ పద్ధతి మార్చుకోడు, రాడు' అంది. నేను వస్తాడని పందెం కాశాను. పందెం పోతే పోయింది గానీ, బావా, అక్క ఆ ఊరెళితే మళ్ళీ రాదు. నాకు తెలుసు. దాని మొహం చూస్తే నీకూ తెలిసేది."

అతను పెట్టెలోంచి కరెంటు పరీక్షించే చేతి మీటరు తీసుకుని మళ్ళీ పడుకున్నాడు. బావమరిది పక్కనే గొంతుక్కూర్చున్నాడు, శవం దగ్గర కాపలా కూర్చున్నట్టు.

*

మళ్ళీ మొదటికొచ్చి వైర్లు చూశాడు. ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఒరుసుకోలేదు. కనెక్టరు విప్పాడు. తుప్పు లేదు, తడి లేదు. సెన్సారు ఊడదీసి చేతిలోకి తీసుకున్నాడు. దాని కొసన చిన్న మేకులాంటిది ఉంటుంది. స్టాండు పూర్తిగా పైకెళితే అది లోపలికి నొక్కుకోవాలి. వేలితో నొక్కాడు. మీటరు 'సరే' అంది. వదిలాడు, 'కాదు' అంది. నొక్కాడు, వదిలాడు, నొక్కాడు. ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు, తడబాటు లేదు, విసుగూ లేదు. ఇంత నిజాయితీగల సాక్షిని అతను వృత్తిలో ఎప్పుడూ చూడలేదు.

"బాగానే ఉందిగా," అన్నాడు బావమరిది.

"బాగానే ఉంది." అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

"మరైతే దిగుందని ఎందుకంటోంది?"

సెన్సారు మళ్ళీ బిగించాడు. స్టాండు మడిచాడు. మీటరు 'కాదు' అంది. వైర్లు బాగున్నాయి, సెన్సారు బాగుంది, మీటరు బాగుంది. ఇంతసేపూ అన్నిటినీ అనుమానించాడు. అనుమానించనిది ఒక్కటే ఉంది: స్టాండు పైకే ఉందన్న సంగతి. దాన్ని పరీక్షించాలని తోచనే లేదు. అది తను కళ్ళారా చూసిన విషయం, అందుకని నిజం.

చెంప నేలకానించి చూశాడు. స్టాండుకీ బండి చట్రానికీ మధ్య వేలు దూరేంత సందు ఉంది. ఆ సందులోంచి అవతలి గోడ మీద ఎండ కనబడుతోంది. స్టాండుని చేత్తో పైకి గట్టిగా నొక్కాడు. మీటరు 'సరే' అంది. చెయ్యి తీశాడు. స్టాండు బద్ధకంగా, ఎవరూ చూడటం లేదనుకున్నట్టు, ఆ వేలెడూ కిందికి జారి ఆగింది. 'కాదు'.

స్ప్రింగు సాగిపోయింది. బోల్టు వదులైంది. స్టాండు పైకి లేదు. చాలారోజులుగా కొంచెం కొంచెంగా దిగుతూ, ఇవాళ్టికి సెన్సారు మేకుని వదిలేసేంత దిగింది. సెన్సారు ఒక్కటే ఆ మాట చెబుతూ వచ్చింది, అతనేమో పొద్దున్నుంచీ దానికి అబద్ధాలకోరని పేరు పెట్టి, బట్టలిప్పి సోదా చేశాడు.

అది చాలనట్టు, స్టాండు చివర చూశాడు. నేలకానే అడుగు అంచు ఒకవైపు అరిగి, వెండి రేకులా మెరుస్తోంది. తుప్పు పట్టిన ఇనుములో అంత మెరుపు ఊరికే రాదు. రోడ్డు మీద గీసుకుంటేనే వస్తుంది, అదీ మళ్ళీ మళ్ళీ, ఎడమవైపుకి వాలినప్పుడల్లా.

గీసుకుంటోంది. ఆ మాట ఎవరన్నారు?

వేసవి మొదట్లో భార్య అంది. వెనక కూర్చుని, అతని భుజం మీద తట్టి, "ఇటువైపు మలుపు తిరిగినప్పుడల్లా కిందేదో గీసుకుంటోందండీ," అంది. "నాకేం వినబడలేదే," అన్నాడతను. ఆమె మర్నాడూ అంది, ఆ మర్నాడూ అంది. చెవిలో జోరీగలా ఈ గోలేమిటని, ఓ సాయంత్రం పద్ధతి ప్రకారం పరీక్ష పెట్టాడు. ఆమెని దిగి ఇంట్లో ఉండమన్నాడు. ఒక్కడే వెళ్ళి, అదే మలుపు, అదే వేగంతో, ఎడాపెడా తిరిగాడు. చప్పుడు లేదు. తిరిగొచ్చి, లిఫ్టు రిపోర్టు కింద సంతకం పెట్టినంత గంభీరంగా తీర్పు చెప్పాడు: "ఏమీ లేదు. నీ భ్రమ."

"నేను లేకుండా వెళ్ళి ఏం విన్నారు?" అంది ఆమె.

దాన్ని వెటకారమనుకున్నాడు. వెటకారానికి మార్కులు కూడా వేశాడు, తక్కువ.

అది వెటకారం కాదు. ఆమె సాంకేతికమైన మాట చెప్పింది. మనిషి వెనక కూర్చుంటే బండి కిందికి కుంగుతుంది. కుంగితేనే వేలాడే స్టాండు నేలకి తగులుతుంది. ఆమె దిగిపోతే బండి లేస్తుంది, చప్పుడు పోతుంది. ఆమె చెప్పిన చప్పుడు నిజమో కాదో తేల్చడానికి అతను మొట్టమొదట చేసిన పని, ఆమెని అందులోంచి తీసేయడం. పదిహేనేళ్ళ సర్వీసున్న భద్రతా ఇంజనీరు కనిపెట్టిన పరీక్ష అది! స్టాండు ఇంకాస్త జారి ఉంటే ఏ మలుపులోనో రోడ్డుకి తట్టుకునేది, బండి ఎగిరేది, ముందుగా పడేది వెనక కూర్చున్న మనిషి. భ్రమలో బతికే మనిషి.

అతను చేతిలోని మీటరుని దుప్పటి మీద పడేశాడు.

"ఒరేయ్, నా వెనక ఎక్కు," అన్నాడు లేచి, బండిని సెంటర్ స్టాండు మీంచి దించి సీటెక్కి.

"అమ్మయ్య! బయల్దేరుతున్నామా?"

"లేదు. ఇంజను వేయను. ఊరికే ఎక్కు."

బావమరిది, బావకి మతి పోయిందని నిర్ధారించుకున్నవాడి ఓపికతో, ఎక్కి కూర్చున్నాడు. అతను బండిని ఎడమవైపుకి నెమ్మదిగా వాల్చాడు. సిమెంటు నేల మీద సన్నగా, గోరుతో పలక గీకినట్టు, కర్ర్ మంది.

"ఏంటా చప్పుడు?" అన్నాడు బావమరిది.

అతను బండిని నిటారుగా నిలబెట్టి, మళ్ళీ వాల్చాడు. కర్ర్.

"మీ అక్క," అన్నాడు.

*

పద్ధతి ప్రకారం అయితే తర్వాతి పని కొత్త స్ప్రింగు వెతకడం. ఆదివారం తెరిచి ఉండే దుకాణం ఊళ్ళో ఎక్కడో ఒకటి ఉంటుంది, వెతికితే సాయంత్రానికి దొరుకుతుంది. అతని చేతులు అప్పుడే స్పానరు కోసం పెట్టెలో తడుముతున్నాయి. చేతులకి సిగ్గుండదు. ఏ పని చెప్పినా చేస్తాయి, ఏ పని తప్పించుకోవాలన్నా అవే ముందు పరిగెడతాయి.

అతను కాసేపు ఆ చేతుల్ని చూశాడు. ఎండ పార్కింగు గేటు దాటి లోపలికొచ్చేసింది. పై అంతస్తుల్లోంచి పళ్ళేలు కడిగే చప్పుడు వినబడుతోంది. భోజనాల వేళ అవుతోంది కాదు, అయింది.

పెట్టె మూత వేశాడు. విప్పిన క్లచ్ స్విచ్ దుప్పటి మీదే ఉంది, బోల్టులు ఓ మూల కుప్పగా ఉన్నాయి. హెల్మెట్ తీసి తలకి పెట్టుకున్నాడు.

"పద," అన్నాడు.

"ఇదంతా ఇలాగే వదిలేస్తావా?" బావమరిది నోరు వెళ్ళబెట్టాడు. "ఎవరైనా ఎత్తుకుపోతే?"

"నువ్వు పందెం గెలవాలనుకుంటున్నావా, లేదా?"

దారిలో స్కూటరు వెనక కూర్చుని అతను కనిపెట్టిన సంగతేమిటంటే, వెనక సీటు అనేది వేరే దేశం. ముందువాడికి తగిలే గాలి ఇక్కడికి రాదు, ముందువాడికి తెలియని కుదుపులన్నీ ఇక్కడికే వస్తాయి. ప్రతి గుంతా వెన్నుపూసల్లోంచి లెక్క చెప్పుకుంటూ పోతుంది. స్కూటరు వెనక చక్రం దగ్గర ఏదో టకటకమంటోంది. "ఒరేయ్, ఇక్కడేదో చప్పుడొస్తోంది," అన్నాడు వంగి.

"నాకేం వినబడట్లేదే," అని అరిచాడు బావమరిది.

అతను సీటు అంచు పట్టుకుని ఆ టకటకలే వింటూ వచ్చాడు.

*

వదిన తలుపు తీసింది. అతన్ని, చేతుల మీది గ్రీజునీ, మోచేతి దాకా అంటిన దుమ్మునీ వరసగా చూసింది.

"వచ్చావా నాయనా! అన్నం పెట్టమంటావా, లేక ముందు వంట పరీక్షిస్తావా?"

"తర్వాత తింటాను వదినా."

"అదిగో, వెనక గదిలో ఉంది. మేం తినేశాం, ఎదురుచూసీ చూసీ." తమ్ముడి చెవి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. "నువ్వు రా, నీకు ఇక్కడ పనుంది." పనేమిటో వాడికి తెలుసు కాబట్టి నవ్వుతూనే వెళ్ళాడు.

వెనక గదిలో భార్య కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఒళ్ళో పుస్తకం మూసి ఉంది. తలెత్తి చూసింది. సంతోషపడిందా, విసుక్కుందా అని అతని బుర్ర అలవాటుగా కొలతలు తీయబోయింది. ఏ కొలతా నిలబడలేదు.

"రారనుకున్నాను," అంది. "జవాబు దొరికిందనుకున్నాను."

"బండి..." అని మొదలుపెట్టాడు.

"బండికేమైంది?"

అతని దగ్గర అంతా సిద్ధంగా ఉంది. వైర్లు, కనెక్టరు, మీటరు చూపించిన అంకెలు, ఒక్కొక్క అనుమానాన్నీ ఎలా తొలగించాడో ఆ వరస. చెప్పడం మొదలుపెడితే పొద్దుపోయేదాకా ఈ గదిలో ఇంకో మాటకి చోటుండదు.

"గీసుకుంటోంది," అన్నాడు. "నువ్వు చెప్పినట్టే. స్టాండు వేలాడుతోంది. నువ్వు వెనక కూర్చుంటేనే తగులుతుంది. నిన్ను దింపేసి చూశాను, అందుకే వినబడలేదు."

ఆమె ఒళ్ళో పుస్తకం తీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

"అంటే ఇప్పుడు పరీక్షలో తేలింది కాబట్టి నిజమైందన్నమాట."

"అవును," అన్నాడు.

"సంతోషం. మరి పరీక్షకి అందనివి చెబితే?" గొంతు పెరగలేదు, కానీ మామూలుగానూ లేదు. "నేను అలిసిపోయానని చెబితే, ఏ పని చేసి అలిసిపోయావు అంటారు. భయమేస్తోందంటే, దేనికి, ఎంత, ఎప్పట్నుంచి అంటారు. మీ స్నేహితుల మధ్య నాకు ఊపిరాడదంటే, వాళ్ళనే పిలిచి అడిగారు, మా ఆవిడకి ఊపిరాడకుండా మీరేమైనా చేశారా అని. వాళ్ళు లేదన్నారు. కేసు కొట్టేశారు. నవ్వాలో ఏడవాలో తెలీక నేనా రోజు స్నానాలగదిలో కుళాయి తిప్పి కూర్చున్నాను. చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. అవన్నీ విన్నాక రేపు నేనేం చెబుతానో నాకే తెలీదు. ఆ ఊరికి వెళ్ళనని మాటివ్వమంటే ఇవ్వను. వింటారా?"

స్నానాలగదిలో ఏ రోజు? ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. ఏ రోజు, ఎంతసేపు, అప్పుడు నేనెక్కడున్నాను, పిలవొచ్చుగా, పిలిచావా, పిలిస్తే నాకు వినబడి ఉండదా? ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి, ఆఫీసు లిఫ్టు ముందు పొద్దుటి జనంలా తోసుకుంటూ నిలబడ్డాయి. ఒక్కదానికి తలుపు తెరిస్తే చాలు, అన్నీ లోపలికి దూరిపోతాయి, ఇంకెవరికీ చోటుండదు.

వంటింట్లో ఏదో మూత కింద పడి, గిరగిరా తిరిగి ఆగింది. ఆమె ఇంకా అతన్నే చూస్తోంది.

అతను గోడ దగ్గరున్న కుర్చీని ఆమె ఎదురుగా లాక్కుని, నోరు మూసుకుని కూర్చున్నాడు.